గల్లాపెట్టె తెలుగు

పొద్దున్నే పేజీ తెరిచేసరికి ఆ మాట మళ్ళీ కనిపించింది. "దొంగలు."

మొన్న కొత్త రంగుల గ్రైండర్ ఫొటో కింద ఉంది. నిన్న పండగ శుభాకాంక్షల కింద ఉంది. ఇవాళ రాళ్ళు కడిగే బ్రష్షు ఫొటో కింద కూడా వచ్చి కూర్చుంది. తమిళంలో రాసేది బృంద అనే అమ్మాయి. మాట మాత్రం తనది కాదనీ, తన అవ్వ రామక్కాళ్ చెప్పి రాయిస్తోందనీ ప్రతిసారీ ఓపిగ్గా వివరిస్తుంది. రిపేరుకు మనిషిని పంపుతామని చెప్పి, డబ్బు తీసుకుని, ఎవరూ రాలేదని ఆ అవ్వ ఆరోపణ.

మధుమిత కాఫీ గ్లాసు కౌంటర్ మీద పెట్టి జవాబు మొదలుపెట్టింది. "నమస్కారం అమ్మా. మేము ముందుగా డబ్బు తీసుకోము..." అంతవరకు టైపు చేసి ఆగిపోయింది. ఇదే జవాబు ఇదివరకు ఎన్నోసార్లు ఇచ్చింది. ఇచ్చిన ప్రతిసారీ కింద అదే మాట ఇంకోటి మొలిచింది.

"ఇంగా పోలేదా అది?" వెనకనుంచి మామ రత్నసభాపతి గొంతు. ఆయన కళ్ళజోడు ఎప్పటిలాగే ఇంట్లో మరిచిపోయి, ఫోన్‌ను చేయి చాచినంత దూరం పట్టుకుని చూస్తున్నాడు.

"లేదు మామా."

"ఈ శనివారం దాకా చూస్తాను. పోకపోతే పేజీ మూసేయ్ అమ్మణి. మా నాయన కాలంనుంచి కొట్టు నడుపుతాండాము. ఒక్కడూ ఆ మాట అన్లేదు. ఇప్పుడు ఊరూరా బోర్డు కట్టినట్టు ఉండాది."

ఆయన చెప్పింది మధుమితకు చాలాసేపు గుచ్చుకుంటూనే ఉంది. తమిళనాట ఆవారంపాళయంలో రంగనాయకి గ్రైండర్స్ అంటే అందరికీ తెలుసు. ముందు భాగంలో షోరూము, వెనక భాగంలో ఆమె భర్త దినకరన్ చూసుకునే వర్క్‌షాపు. ఆ షోరూములో బిల్లు పుస్తకం మామది, గల్లాపెట్టె అత్తది, మోటార్ల లెక్క భర్తది. కోడలిగా వచ్చాక తనది అని ఆమె చెప్పుకోగలిగింది ఆ పేజీ ఒక్కటే. ఫొటో తీయడం, జవాబివ్వడం, పగిలిన డ్రమ్ముకు బదులు కొత్తది పంపడం, శనివారం శనివారం లైవ్ పెట్టడం అన్నీ ఆమే నేర్చుకుని చేసుకొచ్చింది. దాన్ని మూసేస్తే మిగిలేది గుడ్డ పట్టుకుని గ్రైండర్ల మీద దుమ్ము తుడవడమే.

ఇంతలో ఒకావిడ లోపలికి వచ్చి, ఉన్న గ్రైండర్లన్నిటి మూతలూ ఎత్తి చూసింది, ధరలన్నీ అడిగింది. గల్లాపెట్టె ముందు కూర్చున్న అత్త రాజమ్మాళ్ నిండుగా నవ్వుతూ ఆమెకు తమిళంలో అన్నీ చెప్పింది. అదే నవ్వు చెక్కుచెదరకుండా తెలుగులో కోడలితో, "ఈయమ్మ కొనేది లేదు. ఏసీ గాలికి వచ్చింది. ఒక బెల్టు చూపించి పంపేయ్" అంది. వచ్చినావిడ కూడా నవ్వింది, బెల్టు కూడా కొనకుండా వెళ్ళిపోయింది.

ఆ కొట్టులో అదొక ఆచారం. బేరం ఎంతవరకు దిగొచ్చు, ఎవరికి అప్పు పెట్టకూడదు, ఎవరి చీర ఎంత ఉంటుంది, అన్నీ కొన్నవాళ్ళ ముందే తెలుగులో నడిచిపోయేవి. ఇంట్లో ఎవరికీ ఆ భాషలో ఒక్క అక్షరం రాయడం రాదు. అయినా గల్లాపెట్టె తాళం కంటే అదే గట్టిదని వాళ్ళ నమ్మకం. ఆవారంపాళయంలో సగం ఇళ్ళలో అదే భాష కదా అంటే, ఎదురుగా ఉన్నది మనవాళ్ళా కాదా అని ముఖం చూడగానే చెప్పేస్తానని రాజమ్మాళ్ ధీమా. శనివారం లైవ్ చూసేవాళ్ళలో చాలామంది ముఖాలు ఆమెకు కనిపించవు. ఆ సంగతి ఆమెకు తట్టలేదు. నిజం చెప్పాలంటే మధుమితకూ తట్టలేదు.

మధ్యాహ్నం మధుమిత బృందకు మెసేజ్ పెట్టింది. "శనివారం లైవ్‌లోకి మీ అవ్వను తీసుకురండి. అందరి ముందే మాట్లాడుకుందాం. తప్పు మాది అయితే అందరి ముందే ఒప్పుకుంటాం." రాసింది వెనక్కి తీసుకుందామా అనుకునేలోపే జవాబు వచ్చింది. "అవ్వ వస్తానంది. కొత్త చీర కట్టుకుని వస్తానంది."

*

శనివారం లైవ్ మొదలైంది. రాజమ్మాళ్ కోరా చీర కట్టుకుని, తలనిండా మల్లెపూలు పెట్టుకుని గ్రైండర్ పక్కన కూర్చుంది. రుబ్బుడు రాళ్ళు ఎట్లా బయటికి తీయాలో, ఇరుసు సందులో ఎండిన పిండిని ఎట్లా గీకాలో చూపించింది. ఆ పనిలో ఆమె చేతులు చూడముచ్చటగా ఉంటాయి. పిండి తుడిచేటప్పుడు వేలి కొసతో డ్రమ్ము అంచు చుట్టూ ఒక్క చుట్టు తిప్పుతుంది, అంతే, అద్దంలా అయిపోతుంది.

రామక్కాళ్ తెరమీదికి వచ్చింది. నల్లటి ముఖం, సాగిన చెవితమ్మెలు, నిజంగానే మడత విప్పని కొత్త చీర. వెనకాల పత్తి బస్తాలు. మదురై అవతల తిరుమంగళం దగ్గర పల్లె అని బృంద చెప్పింది.

"మీ గ్రైండర్ కడకడమని అరుస్తాది," అంది రామక్కాళ్ తమిళంలో. "అది సరే. మీ ఆళ్ళు ఫోన్ చేసి నా దగ్గర డబ్బు తీసుకున్నారు. అది చెప్పండి ముందు."

మధుమిత నోరు తెరిచేలోపు పక్కనుంచి రాజమ్మాళ్, కెమెరా వైపు చూస్తున్న నవ్వు అట్లాగే ఉంచి, తెలుగులో అంది. "బొంకుతాది ఈ ముసల్ది. దుడ్డు లేకుండా కొత్త గ్రైండర్ కొట్టేయాలని వచ్చుండాది. ముఖం చూడు, ఎండుమిరపకాయ మాదిరి."

ముసల్ది అన్న మనిషికీ, అనిపించుకున్న మనిషికీ వయసులో పెద్ద తేడా లేదు. తెరమీద రామక్కాళ్ ముఖం కదల్లేదు. కళ్ళు మాత్రం ఒకసారి మూసి తెరిచింది.

అదే సమయానికి వెనక తలుపు తోసుకుని రత్నసభాపతి వచ్చాడు. ఒక ఫోన్ చెవి దగ్గర, దాని నోటికి అరచేయి అడ్డం. ఇంకో ఫోన్ చేయి చాచినంత దూరంలో. లైవ్ నడుస్తోందని ఆయనకు తెలుసు, అందుకే జాగ్రత్తగా తెలుగులోకి మారాడు.

"అమ్మణి, పేజీ కంపెనీనుంచి మాట్లాడుతాండారు. దొంగలు అని కంప్లైంట్ పోయిందంట, ఇప్పుడే మూసేస్తారంట. మూయకుండా ఉండాలంటే నా ఫోన్‌కు వచ్చిన నంబర్ చెప్పాలంట. నువ్వు కొంచెం చూడు. నాలుగు, తొమ్మిది, ఒకటి, ఒకటి, ఇది ఆరా ఎనిమిదా..."

"చెప్పాకు సామీ! చెప్పాకు! ఆ ఫోన్ పెట్టేయ్! వాడు దొంగ!"

ఎవరన్నారో ఒక్క క్షణం ఎవరికీ తెలియలేదు. మాట తెలుగు. తమ ఇంట్లో మాట్లాడే తెలుగే. గొంతు మాత్రం ఫోన్‌లోంచి వచ్చింది. తెరమీద రామక్కాళ్ మంచంమీదనుంచి లేచి నిలబడి ఉంది. ముఖం తెరకు ఎంత దగ్గరగా వచ్చిందంటే ఒక కన్నూ ముక్కుపుడకా మాత్రమే కనిపిస్తున్నాయి.

మధుమిత మామ చేతిలోంచి ఫోన్ లాక్కుని కట్ చేసింది. ల్యాప్‌టాప్ తెరిచింది. పేజీలోకి రావడానికి ఎవరెవరు తలుపు తడుతున్నారో చూపించే చోట, ఎప్పుడూ వినని ఊరినుంచి ఒక ఫోన్ కాచుకుని ఉంది. దానికి కావలసింది మామ చదివిన ఆ అంకెలే. ఆమె దాన్ని గెంటేసింది, పాస్‌వర్డ్ మార్చింది, మామ ఫోన్‌కు వచ్చే మెసేజ్‌తో తెరుచుకునే తాళం తీసేసి తన ఫోన్‌లోనే పుట్టి నిమిషంలో మారిపోయే అంకెల తాళం పెట్టింది.

తలెత్తి చూసేసరికి లైవ్ ఇంకా నడుస్తూనే ఉంది. రామక్కాళ్ నెమ్మదిగా మంచంమీద కూర్చుంది.

"ముగిసిందా?" అంది తెలుగులో. "సరి. ఇప్పుడు బొంకేదాని మాట కొంచెం వినండి."

ఆమె చెప్పింది. గ్రైండర్ చప్పుడు చేస్తోందని బృంద పేజీలో రాసి, ఫోన్ నంబర్ కూడా అక్కడే పెట్టింది. కాసేపటికే ఫోన్ వచ్చింది. అదే పేరు, అదే గ్రైండర్ బొమ్మ. రంగనాయకి గ్రైండర్స్ కస్టమర్ కేర్ అన్నారు. మర్యాదగా, అమ్మా అమ్మా అంటూ మాట్లాడారు. ఫోన్‌కు వచ్చిన నంబర్ చెప్తే సాయంత్రానికి మెకానిక్ వస్తాడన్నారు. ఆమె చెప్పింది. పత్తి అమ్మిన డబ్బు బ్యాంకులోంచి పోయింది. మెకానిక్ రాలేదు.

"మీరేనని అనుకున్నాను. మీ బొమ్మ, మీ పేరు. అందుకే దొంగలంటిని," అంది. తర్వాత గొంతు కొంచెం తగ్గించి, "ఇందాక ఆయమ్మ మాట వినగానే, అరె, మనవాళ్ళేనే అని సంతోషపడితిని. ఆ సంతోషం నోట్లో ఉండగానే రెండో మాట కూడా వింటిని."

మధుమిత పక్కకు చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది. గ్రైండర్ పక్కన రెండు మల్లెపూలు రాలి ఉన్నాయి.

*

ఆ మధ్యాహ్నం మధుమిత చేసిన మొదటి పని, కామెంట్లలో జనం రాసిన ఫోన్ నంబర్లన్నీ కనిపించకుండా చేయడం. నంబర్ అక్కడ పెట్టకండి అని తను ఒక్కసారి కూడా చెప్పలేదు. జనం పెడుతూ పోయారు, తను చూస్తూ పోయింది. ఎవడో ఆ గుట్టలోంచి తీరిగ్గా ఏరుకున్నాడు. వెతికితే తమ పేరుతో, తమ బొమ్మతో ఉన్న దొంగ పేజీ కూడా దొరికింది. దానిమీద ఫిర్యాదు పెట్టింది. బృందకు ఫోన్ చేసి సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఎట్లా చెప్పాలో, బ్యాంకులో ఏ కాగితం ఇవ్వాలో చెప్పింది.

ఆ తర్వాతగానీ లైవ్ కింద కామెంట్లు చూడలేదు. చూస్తే అన్నీ తమిళ అక్షరాల్లో ఉన్నాయి. చదువుతుంటే మాత్రం తెలుగు.

పోదనూరు రైల్వే కాలనీనుంచి పాంచాలి అనే ఆవిడ రాసింది. "రాజమ్మాళ్ అక్కా, పోయిన దీపావళి లైవ్‌లో నా వంటిల్లు చూసి ఎనుముల కొట్టం మాదిరి ఉండాదంటివి. సున్నం వేసినాము. మళ్ళీ చూపించేదా?"

తిరుప్పూరునుంచి పొన్నుసామి. "మా ఇంటిది రుబ్బిన పిండితో గోడకు పోస్టర్ అతికించచ్చు అంటివే అక్కా. ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాము. ఆమెతో దెబ్బలు తిన్నది నేనే."

తేనినుంచి ఒకరు, సాత్తూరునుంచి ఒకరు, గాంధీపురంలో లాడ్జి పక్క ఇస్త్రీ కొట్టునుంచి ఒకరు. మేము గ్రైండర్ కోసం రాము, ఈయమ్మ గొణిగేది వినేదానికే వస్తాము అని ఒకరు రాస్తే, దాని కింద గుండె బొమ్మలు వరసగా. లైవ్ చూసే జనం తన ఫొటోలకూ తన వివరణలకూ వస్తున్నారని ఇన్నాళ్ళూ మురిసిపోయిన మధుమితకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. కౌంటర్ కిందికి వంగి కడుపు పట్టుకుని నవ్వింది.

అవన్నీ ఆమె అత్తకు చదివి వినిపించింది. రాజమ్మాళ్ చీర కొంగు ముఖంమీదికి లాక్కుని మంచంమీద అటు తిరిగి పడుకుంది. "ఇంగా ఎవరు?" అంటుంది. చదివితే, "అయ్యో కడవుళే" అని దేవుణ్ణి తలుచుకుంటుంది. మళ్ళీ, "ఇంగా?"

రత్నసభాపతి మాత్రం నవ్వలేదు. "చాలు," అన్నాడు. "నా నోటితోనే కొట్టు తాళంచెవి ఇచ్చేసేవాణ్ణి. ఇది మనకు ఒద్దు. మూసేయ్."

"ముందు ఆయమ్మ గ్రైండర్ సరిచేసి వస్తాను మామా," అంది మధుమిత. "మన పేరు చెప్పి వాడెవడో ఆయమ్మను ముంచినాడు. మన ఆళ్ళు ఒకసారైనా నిజంగా పోవాలి కదా. వచ్చినాక మీరు ఏం చెప్తే అది."

తెల్లారి ఆమె మెకానిక్ మదన్‌ను తోడు తీసుకుని బయల్దేరుతుంటే, గేటు దగ్గర రాజమ్మాళ్ చేతిసంచితో నిలబడి ఉంది. తలలో పూలు లేవు.

"నేనూ వస్తాను," అంది.

*

సింగానల్లూరులో మదురై బస్సు ఎక్కారు. దారంతా రాజమ్మాళ్ కిటికీలోంచి చూస్తూనే ఉంది. ముందు సీటులో ఒకామె పిల్లవాడికి చిప్స్ పెడుతుంటే, మామూలు రోజైతే దానిమీద ఒక మాట పడాల్సింది. పడలేదు.

తిరుమంగళంలో దిగి పల్లె బస్సు ఎక్కి చేరేసరికి ఎండ తిరిగింది. నల్లరేగడి పొలాల మధ్య ఇల్లు. వాకిట్లో రామక్కాళ్ చేట పట్టుకుని కంబు గింజలు చెరుగుతోంది. తెరమీద కనిపించినదానికంటే పొట్టి మనిషి. ముగ్గుర్నీ చూసి చేట కింద పెట్టింది. మదన్ చేతిలో సామాను సంచి చూసి, "ఓ, మెకానిక్ వచ్చేసినాడే," అంది. "సాయంత్రానికి వస్తాడన్నారు. ఏ సాయంత్రమని చెప్పలేదులే."

రాజమ్మాళ్ వాకిట్లోనే నిలబడిపోయింది. బస్సులో సిద్ధం చేసుకున్న మాటలేవీ రాలేదని ముఖంలో తెలిసిపోతోంది. చివరికి, "అక్కా, తప్పు చేసినాను," అంది. "నీ ముందర నవ్వి, పక్కకు తిరిగి ఇంకో మాట అంటిని. నోటికి అలవాటైపోయింది. నువ్వు నిజం చెప్పితివి, నేను బొంకంటిని."

రామక్కాళ్ చేతులకంటిన పొట్టు దులుపుకుంది.

"మా ఇంట్లోనే ఇద్దరు ముగ్గురు అట్లే అనుకున్నారులే," అంది. "డబ్బు ఎవరికో ఇచ్చేసి నంబర్ కథ చెప్తాందని. ఊళ్ళో నవ్వినారు. అదంతా నేను ఓర్చుకుంటిని. ఎవరో తెలియని మనిషివి, మన మాటలో అన్నావే. అది రాత్రంతా నిద్ర పట్టనీయలేదు."

రాజమ్మాళ్‌కు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆమె వాటిని దాచుకోలేదు. రామక్కాళ్ లేచి వచ్చి, ఆమె చేతిలోని సంచి తీసుకుని, "లోపలికి రా. ఎండుమిరపకాయ ఇంట్లో అన్నం తింటావా?" అంది. బృంద గుమ్మంలో నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. రాజమ్మాళ్ ఏడుస్తూనే నవ్వేసింది.

మదన్ గ్రైండర్ తిరగేసి విప్పాడు. బెల్టు బాగుంది, మోటారు బాగుంది. డ్రమ్ము కింద ఇరుసును పట్టుకునే నట్టు సగమే బిగించి ఉంది. తిరిగినప్పుడల్లా డ్రమ్ము అటూ ఇటూ కొట్టుకుని అంచు అరిగిపోయింది. వాడినవాళ్ళ తప్పు కాదు, బిగించినవాళ్ళ తప్పు. మదన్ తలెత్తి అడగబోయేలోపే రాజమ్మాళ్ అంది. "కొత్త డ్రమ్ము వేయ్. మన తప్పు. గట్టిగానే చెప్పు, ఏం పరవాలేదు."

గ్రైండర్ బిగించి నానబెట్టిన బియ్యం వేసి తిప్పారు. రాళ్ళు మెత్తగా గుర్రుమన్నాయి. రామక్కాళ్ ఆ చప్పుడు వింటూ, "ఈ నంబర్ సంగతి ఆ రోజు మాదిరి అందరూ చూసేటట్టు నేను మళ్ళీ చెప్పచ్చా?" అని అడిగింది. "ఊళ్ళో చెప్తే నవ్వుతారు. అక్కడ చెప్తే ఒకరిద్దరైనా జాగ్రత్త పడతారు."

అట్లా రంగనాయకి గ్రైండర్స్ లైవ్ ఆ రోజు పత్తి బస్తాల మధ్యనుంచి వెళ్ళింది. తెలుగులోనే. మధుమిత మొదట తమ తప్పులు చెప్పింది, బిగించని నట్టునుంచి మొదలుపెట్టి, చెరిపేయని ఫోన్ నంబర్ల దాకా. తర్వాత రామక్కాళ్ మాట్లాడింది.

"నేను రామక్కాళ్. నన్ను ఏమార్చినారు. ఫోన్‌కు వచ్చిన నంబర్ చెప్పేస్తిని. చదువు లేక కాదు, వాడు మర్యాదగా అడిగినాడు, అందుకే చెప్తిని. ఈ కొట్టాయన చదువుకున్నాయనే, ఆయనా చెప్పబోయినాడు. అడిగేవాడు ఎంత మర్యాదగా అడిగితే అంత బెదరండి. నిజమైన కొట్టువాళ్ళు నంబర్ అడగరు. గ్రైండర్ పాడైతే మనిషి వస్తాడు, ఇదో, ఈ మాదిరి సంచితో." మదన్ సిగ్గుపడి సంచి ఎత్తి చూపించాడు.

కామెంట్లు వరదలా వచ్చాయి. తనకూ అట్లాగే జరిగిందనీ, ఇంట్లో ఎవరికీ చెప్పలేదనీ ఒకావిడ రాసింది. దాని కింద ఇంకొకరు. ఆ కిందనే ఇంకొకరు. అవి చదువుతుంటే మధుమితకు తన పేజీ ఇన్నాళ్ళకు ఎవరికో నిజంగా పనికొచ్చిందని అనిపించి ఒళ్ళంతా సంతోషం పాకింది.

లైవ్ ముగియగానే రత్నసభాపతి ఫోన్ చేశాడు. "చూసినాను," అన్నాడు. "ఆ కొట్టాయన నేనేనని అందరికీ తెలిసిపోయిందే అమ్మణి. వచ్చే శనివారం నాకూ ఒక కుర్చీ వేయ్. నా సంగతి నేనే చెప్తాను. కళ్ళజోడు పెట్టుకునే చెప్తాను."

మధుమిత పట్టలేని ఆనందంతో ఆ మాట అందరికీ చెప్పేసి, బృంద వైపు తిరిగింది. "దొంగలు అని రాసినవి ఇప్పుడైనా తీసేస్తావా కన్నా?"

"ఏంటికి తీసేది?" అంది రామక్కాళ్. "అట్లే ఉండనీ. దాని కింద జరిగింది రాయమను. తుడిచేస్తే ఇంకొకడు ఏమారతాడు."

అందరూ అరుగుమీద కూర్చున్నారు. బృంద కాఫీలు తెచ్చింది. రాజమ్మాళ్ ఒక గుక్క తాగి, ఎప్పటి అలవాటుగా నవ్వు ముఖంమీద నిలిపి, కోడలి వైపు వంగి పెదవులు కదపబోయింది. అంతలోనే ఆగిపోయింది. రామక్కాళ్ చూస్తోంది. బృంద చూస్తోంది. పక్కింటి గోడమీదనుంచి ఇద్దరు చూస్తున్నారు. అందరికీ అర్థమయ్యే మాటే ఆమె నోట్లో ఉంది, దాచుకోడానికి ఆమె దగ్గర ఇంకో భాష లేదు. గ్లాసు రెండు చేతుల్లో తిప్పుతూ కొంచెంసేపు తంటాలు పడింది. తర్వాత తలెత్తి రామక్కాళ్ ముఖంలోకే చూసి, జీవితంలో మొదటిసారి ఎదురుగా ఉన్న మనిషికే చెప్పింది.

"అక్కా, కాఫీలో చక్కెర జాస్తి."

"తెలుసు," అంది రామక్కాళ్. "వచ్చినప్పటినుంచీ నీ నోరు చేదుగా ఉందని నేనే వేయమంటిని."